అరచేతి ఆటపెట్టెయా? జేబులోని అంతర్జాల పలకయా?

ఒక కవాటం కొనవలసి వచ్చినా, ఒక కొలత పరికరం కొనవలసి వచ్చినా మన సంస్థలో ఎంత విచారణ జరుగుతుందో పాఠక మిత్రులకు తెలియనిది కాదు. అవసరాన్ని తెలిపే ఇండెంటు, సాంకేతిక వివరాలు, కొటేషన్లు, తులనాత్మక పట్టిక, విడిభాగాల లభ్యత, వారంటీ, వార్షిక నిర్వహణ ఒప్పందం - ఇన్ని మెట్లు ఎక్కితే గాని కొనుగోలు ఉత్తరువు వెలువడదు. ముప్పయ్యేళ్లకు పైగా మెటీరియల్స్ విభాగంలో అందరి చేతా ఆ మెట్లు ఎక్కిస్తూ వచ్చిన మేము, మా ఇంటికి ఒక వస్తువు తెప్పించుకొన్నప్పుడు మాత్రం వాటిలో ఒక్క మెట్టయినా ఎక్కలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడొక సందర్భం వచ్చింది.

ఇటీవల క్యాంటీనులో ఒక యువ సహోద్యోగి మా ప్రక్కన కూర్చొని, "సార్, మావాడు పదో తరగతి పాసయ్యాడు. చేత్తో పట్టుకొని ఆడుకొనే గేమ్ కన్సోల్ కొనమంటున్నాడు. మా ఇంట్లోనేమో చిన్న ట్యాబ్లెట్ అయితే చదువుకు పనికొస్తుందంటున్నారు. రెండూ కొనే స్తోమత లేదు. మీరేమంటారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. 2007 వేసవిలో మా ఇంటి హాలులో సరిగ్గా ఇదే ప్రశ్న తలెత్తింది. దానికి మేము చెప్పిన సమాధానం సరియైనదో కాదో తేల్చుకోవడానికి మాకు చాలా సంవత్సరాలు పట్టింది. మా అనుభవం, ఈ రెండు రకాల పరికరాల చరిత్ర, రెండింటినీ కలిపి పాఠకుల ముందుంచితే కొందరికైనా ఉపకరిస్తుందన్న ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఆ వేసవి

ఆ ఏడు అమెరికాలో స్థిరపడిన మా బావమరిది సెలవులకు వస్తూ, "బావగారూ, మేనల్లుడికి ఏం తెమ్మంటారు?" అని ఫోనులో అడిగారు. మావాడు అప్పుడే ఎనిమిదో తరగతి పూర్తిచేశాడు. ఏం కావాలో వాడు ఏనాడో నిశ్చయించుకొన్నాడు. సోనీ వారి ప్లేస్టేషన్ పోర్టబుల్. పిల్లల మాటల్లో చెప్పాలంటే పీఎస్‌పీ. మేము మాత్రం ఒక కంప్యూటర్ పత్రికలో నోకియా వారి ఎన్800 అనే 'ఇంటర్నెట్ ట్యాబ్లెట్' గురించి చదివి ఉన్నాము. అరచేతిలో ఇమిడే పలక. దానిలో ప్రపంచంలోని విజ్ఞానమంతా!

ధరలు విచారించాము. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలో పీఎస్‌పీ ధర 170 డాలర్లకు తగ్గింది. ఎన్800 జనవరిలో 399 డాలర్లకు విడుదలైంది. అప్పటి మారకం రేటు డాలరుకు సుమారు 40 రూపాయలు. అనగా ఒకటి ఏడువేల రూపాయల మాట, రెండవది పదహారువేల మాట. రెట్టింపుకు మించిన ఆ వ్యత్యాసం మమ్మల్ని భయపెట్టలేదు సరికదా, మా అభిప్రాయాన్ని బలపరచింది. ఒకటి ఆట, మరొకటి చదువు. చదువుకు ఖర్చు పెట్టడంలో తప్పేముంది? పలక అనే మాటలోనే అక్షరాభ్యాసం ఉన్నది కదా!

మావాడు వాదించలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగాడు. "నాన్నగారూ, మనింట్లో వైఫై లేదు కదా, దాంతో ఏం చేయాలి?" "వస్తుందిలేరా" అన్నాము. టెండరుకు ముందు జరిపే సమావేశంలో ఎవరైనా ఇటువంటి ప్రశ్న వేస్తే ఫైలును వెనక్కు పంపేవాళ్లము. ఇంట్లో కాబట్టి నవ్వి ఊరుకొన్నాము.

ఆటపెట్టె వెనుక ఉన్న ఆలోచన

చేతి ఆటపెట్టెను మేము చిన్నచూపు చూశాము గాని, దాని చరిత్ర చదివితే ఇంజనీరైన ప్రతివాడూ గౌరవించవలసిన విషయం అందులో కనిపిస్తుంది. జపాన్‌లోని నింటెండో సంస్థలో పనిచేసిన గున్‌పే యోకోయ్ అనే రూపకర్త ఒకసారి బుల్లెట్ రైలులో ప్రయాణిస్తూ, విసుగు పోగొట్టుకోవడానికి జేబు కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ కూర్చున్న ఒక ఉద్యోగిని చూశారని, పెద్దవారు సైతం ప్రయాణంలో ఆడుకోగల చిన్న వస్తువు చేయాలన్న ఊహ ఆయనకు అప్పుడే కలిగిందని చెబుతారు. ఆ ఊహ నుండి 1980లో 'గేమ్ అండ్ వాచ్' పుట్టింది. దానిలోని తెర కాలిక్యులేటర్లకు వాడే ఎల్‌సీడీ తెర వంటిదే.

అప్పటికే నలిగి, చవుకై, లోపాలన్నీ తెలిసిపోయిన సాంకేతికతను క్రొత్త పనికి వినియోగించడం యోకోయ్ సిద్ధాంతం. 1989లో వచ్చిన 'గేమ్ బాయ్' ఆ సిద్ధాంతానికి నిదర్శనం. దానికి రంగులు లేవు, తెర వెనుక వెలుగు లేదు. కాని నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే పది గంటలకు పైగా ఆడుకోవచ్చు. మరుసటి సంవత్సరం సెగా సంస్థ రంగుల తెరతో 'గేమ్ గేర్' విడుదల చేసింది. అది ఆరు సెల్లులను మూడు నుండి ఐదు గంటల్లో ఖాళీ చేసేది. చూపులకు గేమ్ గేర్ మిన్న. పిల్లల చేతుల్లో మాత్రం గేమ్ బాయ్ నిలిచింది. దాని తరువాత వచ్చిన రంగుల నమూనాతో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ కాలంలో మన ఊళ్ల ఎగ్జిబిషన్లలో అమ్మిన 'బ్రిక్ గేమ్' పెట్టెలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పై నుండి పడే ఇటుకలను పేర్చే ఆ ఆట, గేమ్ బాయ్‌తో లోకమంతా వ్యాపించిన 'టెట్రిస్' ఆటకు అనుకరణే.

2004లో రెండు క్రొత్త ఆటపెట్టెలు వచ్చాయి. నవంబరులో నింటెండో వారి రెండు తెరల 'డీఎస్', డిసెంబరులో సోనీ వారి పీఎస్‌పీ. డీఎస్ మొత్తం మీద 15 కోట్ల 40 లక్షలు, పీఎస్‌పీ సుమారు 8 కోట్లు అమ్ముడుపోయాయి. మావాడు కోరిన పీఎస్‌పీకి 4.3 అంగుళాల వెడల్పాటి తెర ఉండేది. ఆటలు యూఎండీ అనే చిన్న డిస్కులలో వచ్చేవి. ఒక్కొక్క డిస్కులో 1.8 గిగాబైట్ల వరకు పట్టేది. ఇంటర్నెట్‌తో నిమిత్తం లేకుండా, రెండు మూడు పీఎస్‌పీలు దగ్గర దగ్గరగా ఉంటే చాలు, తమలో తాము నేరుగా రేడియో తరంగాలతో మాట్లాడుకొని అందరినీ కలిపి ఆడించే ఏర్పాటు కూడ దానిలో ఉన్నది. ఈ చివరి అంశం మేము చదివిన పట్టికలోనూ ఉన్నది. కాని మా కళ్లు దాని మీద ఆగలేదు.

అంతర్జాల పలక పుట్టుక

నోకియా సంస్థ 2005 నవంబరులో '770' అనే పరికరాన్ని విడుదల చేసింది. సెల్‌ఫోన్ల తయారీలో ప్రపంచంలో ప్రథమ స్థానంలో ఉన్న సంస్థ, సిమ్ కార్డుకు చోటు లేని ఒక వస్తువును తయారు చేయడమే విశేషం. దానిది 4.1 అంగుళాల తెర, 800 అడ్డు బిందువులు, 480 నిలువు బిందువులు. పీఎస్‌పీ తెరలో ఉన్నవి 480 అడ్డు, 272 నిలువు మాత్రమే. కంప్యూటరు కోసం కూర్చిన వెబ్ పుటను జేబులో పట్టే తెర మీద దాదాపు యథాతథంగా చదవగలగడం ఆనాడు సామాన్య విషయం కాదు. 2007 జనవరిలో వచ్చిన ఎన్800లో జ్ఞాపకశక్తి 128 మెగాబైట్లకు పెరిగింది. రెండు మెమరీ కార్డులకు చోటు, ప్రక్కనుండి పైకి లేచే చిన్న కెమెరా, ఎఫ్ఎం రేడియో చేరాయి. అదే సంవత్సరం చివర మీటల పలక, జీపీఎస్‌లతో ఎన్810 వచ్చింది.

వీటిని నడిపిన 'మేమో' వ్యవస్థ లినక్స్ మీద ఆధారపడినది. అనగా దాని లోపలి భాగాలలో అధికభాగం ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, క్రొత్త ప్రోగ్రాములు వ్రాసి ఇతరులకు ఇవ్వవచ్చు. పీఎస్‌పీలో సోనీ వారు అనుమతించినవే నడుస్తాయి. ఒకటి తాళం వేసిన బీరువా, మరొకటి తలుపులు తీసిన గది. ఈ తేడా మమ్మల్ని చాలా ఆకర్షించింది. ఆ ఆకర్షణ తప్పనలేము.

నిజానికి ఈ పరికరాలు అంత దూరపు చుట్టాలేమీ కావు. 2005లో సోనీ ఇచ్చిన సాఫ్ట్‌వేరుతో పీఎస్‌పీలోనూ వెబ్ పుటలు చూడవచ్చు. పలకలోనూ చిన్న చిన్న ఆటలు ఉన్నాయి. అయితే ఒకదానిలో అక్షరాలు కూర్చడం ప్రయాస, మరొకదానిలో గంతులు వేయించడం ప్రయాస. మీటలు పెట్టిన చోటును బట్టి ఏ వస్తువు ఏ పనికి పుట్టిందో తెలిసిపోతుంది.

మన ప్రభుత్వరంగం చేసిన ప్రయత్నం

జేబులో పట్టే అంతర్జాల పరికరమనగానే విదేశాలే గుర్తుకు రానక్కరలేదు. నోకియా 770 కంటే ముందే మన దేశంలో 'సింప్యూటర్' రూపొందింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కలిసి చేసిన ఆలోచన అది. అదీ లినక్స్ మీదనే నడిచేది. తెరమీద పుల్లతో వ్రాయవచ్చు. ఒకే పరికరాన్ని ఊరంతా పంచుకొనేందుకు ఎవరి కార్డు వారు పెట్టుకొనే స్మార్ట్ కార్డు ఏర్పాటు చేశారు. అక్షరాలు రానివారికి భారతీయ భాషలలో చదివి వినిపించాలన్నది వారి సంకల్పం.

మన సోదర సంస్థ అయిన భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్, పికోపెటా అనే సంస్థతో కలిసి, 'అమిడా సింప్యూటర్' పేరుతో దీనిని తయారు చేసి 2004 ఏప్రిల్‌లో విపణిలోకి తెచ్చింది. ప్రారంభ నమూనా వెల సుమారు పదివేల రూపాయలు. కర్ణాటకలో భూమి రికార్డుల పనిలోనూ సింప్యూటర్లను ఉపయోగించారు. కాని అమ్మకాలు మాత్రం ఆశించిన మేరకు సాగలేదు. పరికరం చక్కనిదే. దానిలో చదవదగిన విషయం ఆ భాషలలో తగినంత లేదు. దానిని లోకంతో కలిపే తీగ ఊళ్లకు చేరలేదు. పాడైతే బాగుచేసేవాడు దగ్గరలో లేడు. నదికి అటూ ఇటూ దారులు లేనప్పుడు మధ్యలో ఎంత చక్కని వంతెన కట్టినా దాటేవారు ఉండరు. ఒక ప్రభుత్వరంగ సంస్థ 2004లో నేర్చుకొన్న పాఠాన్ని, మరొక ప్రభుత్వరంగ సంస్థలో పనిచేసే మేము 2007లో మళ్లీ సొంత ఖర్చుతో నేర్చుకొన్నాము.

నూతి లేని చేద

పలక వచ్చింది. మొదటి వారం ఇంటిల్లిపాదికీ సంబరమే. రేడియో విన్నాము, ఫోటోలు చూశాము. తరువాత వాడి ప్రశ్న మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. దీనితో ఏం చేయాలి?

మా క్వార్టరులో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న మాట నిజమే. అది హాలులోని కంప్యూటరుకు తీగతో అందేది. పలకకు తీగ పెట్టే చోటు లేదు. మన దేశపు 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానంలో సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించారు. 2010 నాటికి 2 కోట్ల కనెక్షన్లు లక్ష్యమైతే, అప్పటికి సమకూడినవి సుమారు 1 కోటి 10 లక్షలు మాత్రమే. ఇళ్లలో వైఫై అన్నది 2007లో చాలామందికి వినికిడి మాట. మా సెల్‌ఫోనును బ్లూటూత్‌తో పలకకు జతచేసి, జీపీఆర్ఎస్ ద్వారా ప్రయత్నించాము. ఒక పుట తెరుచుకొనే లోపల కాఫీ చల్లారేది. నెలాఖరుకు వచ్చిన బిల్లు చూసి ఆ ప్రయత్నమూ విరమించాము. నూతిలో నీరుందో లేదో చూడకుండా వెండి చేద కొన్నట్లయింది మా పని.

ఒక సాయంత్రం డ్యూటీ ముగించుకొని వస్తూ మా బ్లాకు మెట్ల దగ్గర ఆగిపోయాము. ఎదుటి క్వార్టరు అబ్బాయికి గల్ఫ్ నుండి వాళ్ల బాబాయి పీఎస్‌పీ తెచ్చాడు. పై అంతస్తు కుర్రవాడికీ ఒకటి ఉన్నది. వాళ్లిద్దరూ చెరొక మెట్టు మీద కూర్చొని ఒకే పందెంలో కార్లు తోలుకుంటున్నారు. ఇంటర్నెట్టు లేదు, తీగ లేదు. ఒకరినొకరు వెక్కిరించుకుంటూ, కేకలు వేసుకుంటూ ఆడుతున్నారు. మావాడు క్రింది మెట్టు మీద కూర్చొని తల పైకెత్తి చూస్తున్నాడు. ప్రక్కన వాడి సంచిలో మా పదహారువేల రూపాయల పలక ఉన్నది. ప్రపంచమంతటితో కలుపుతుందని మేము తెప్పించిన వస్తువు వాణ్ణి మూడు అడుగుల దూరంలో ఉన్న స్నేహితుడితో కలపలేకపోయింది. ఒంటరివాణ్ణి చేస్తుందని మేము వద్దన్న వస్తువు చుట్టూ పిల్లలు మూగారు.

మమ్మల్ని చూసి వాడు లేచి నిలబడ్డాడు. ఏదో తప్పు చేస్తూ పట్టుబడినట్లు పలకను సంచిలోనుండి తీసి చేతిలో పట్టుకొన్నాడు. ఆ ఒక్క చర్య మాకు ఈనాటికీ మరపు రాదు.

ఇంకొక పీఎస్‌పీ తెప్పించుదామా అని ఆ రాత్రి మా శ్రీమతితో అన్నాము. "పదహారువేలు పోసి మూడు నెలలు కాలేదు" అన్నదామె. అదీ నిజమే. వచ్చే ఏడు చూద్దామనుకొన్నాము. వచ్చే ఏడు వాడు పదో తరగతి. ఆపైన ఇంటర్మీడియట్, రెసిడెన్షియల్ కళాశాల. అక్కడ ఆటపెట్టె, పలక రెండూ నిషిద్ధాలే. పరికరాలకు వారంటీ గడువు ఉన్నట్లే ఆడుకొనే వయసుకూ గడువు ఉంటుందని మాకు ఆలస్యంగా బోధపడింది.

పలక వృథా పోయిందని మాత్రం అనలేము. 2008 చివర వైర్‌లెస్ మోడెం పెట్టించిన తరువాత దానికి అసలు యజమాని దొరికారు. మా అత్తగారు! అమెరికాలోని కొడుకుతో స్కైప్‌లో మాట్లాడడానికి ఆమెకు హాలులోని కంప్యూటరు ముందు కూర్చోవడం ఇబ్బందిగా ఉండేది. పలక అయితే మంచం మీదనే పడుకొని మాట్లాడవచ్చు. శబ్దం దాని ముందు భాగం నుండి వస్తుందని ఎన్నిసార్లు చెప్పినా వినక, పలక మొత్తాన్ని చెవికి ఆనించుకొనేవారు. అక్షరాభ్యాసం కోసం కొన్న పలక అమ్మ మాటలు మోసింది. కొన్నది ఒకరి కోసం, పనికివచ్చింది మరొకరికి.

కాలం మార్చిన తూకం

తరువాత ఈ రెండు పరికరాలకూ ఏమైందో చెప్పుకోవాలి. 2009లో మేమో క్రొత్త రూపం ఎన్900 అనే ఫోనుతో వచ్చింది. దానిని ఎన్800కు ఇవ్వలేదు. 2011 ఫిబ్రవరిలో నోకియా సంస్థ మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్‌కు బదిలీ అయింది. తలుపులు తీసిన గదికి కాపరి లేకుండా పోయాడు. ఔత్సాహికులు కొన్నాళ్లు దీపం పెట్టారు గాని, మారుతున్న వెబ్ వేగాన్ని ఆ చిన్న పలక అందుకోలేకపోయింది.

పీఎస్‌పీ సరఫరా 2014లో ముగిసింది. పీఎస్‌పీలోనుండి నేరుగా ఆటలు కొనే సౌకర్యం 2021 జూలైలో నిలిచిపోయింది. అయినా డిస్కు ఉన్నవారు ఈనాటికీ ఆ డిస్కు పెట్టి ఆడుకోవచ్చు. ఒక్క పనికే పుట్టిన వస్తువు ఆ పనిని చివరివరకు చేస్తుంది. బయటి ప్రపంచం మీద ఆధారపడిన వస్తువు బయటి ప్రపంచం మారినప్పుడు ముసలిదవుతుంది. అయితే ఆటపెట్టెలన్నింటికీ ఈ రక్ష ఉన్నదనుకోరాదు. నింటెండో 3డీఎస్ అంతర్జాల దుకాణం 2023 మార్చిలో మూతపడింది. డిస్కుగానో కార్డుగానో చేతికి వచ్చిన ఆట ఒకటి, ఎక్కడో ఉన్న సర్వరులోనుండి దిగే ఆట మరొకటి.

మేము ఈ రెండింటి మధ్య ఊగిసలాడిన 2007లోనే ఐఫోన్ వచ్చింది. 2010లో ఐప్యాడ్ వచ్చింది. ఫోనే పలక అయింది, ఫోనే ఆటపెట్టె అయింది. ఇక ఎంపిక అవసరమే లేదని కొందరు భావించారు. కాని 2017లో వచ్చిన నింటెండో స్విచ్ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2022లో 'స్టీమ్ డెక్' వచ్చింది. అది లినక్స్ మీద నడిచే ఆటపెట్టె. దానికి తెర, మీటల పలక తగిలిస్తే పూర్తి కంప్యూటరుగా పనిచేస్తుంది. ఆనాడు మేము పలకలో వెతికిన తలుపులు తీసిన గది ఈనాడు ఒక ఆటపెట్టెలో దొరకడం విచిత్రం కాదా!

అన్నింటికంటె పెద్ద మార్పు మన ఇళ్లలోనే వచ్చింది. 2007లో మా పలకకు ఇంటర్నెట్ కరువు. 2016 తరువాత 4జీ డేటా చవుక కావడంతో నేటి పిల్లలకు ఇంటర్నెట్ వరద. ఆనాడు విజ్ఞానద్వారమని మేము మెచ్చుకొన్న పలకలోనే ఈనాడు అంతులేని వీడియోలు, ఉచితమని పిలిచి మెల్లగా డబ్బు లాగే ఆటలు ఉన్నాయి. ఒకసారి డబ్బిచ్చి కొన్న మంచి ఆటకు తరచు ఒక మొదలు, ఒక తుది ఉంటాయి. అందుచేత విజ్ఞానం, వినోదం అన్న చీటీలు పెట్టె మీద అతికించి ఉండవు. వాడే ఇంటిని బట్టి, వాడే గంటను బట్టి అవి మారుతూ ఉంటాయి.

ఇంటి కొనుగోలుకు ఇండెంటు

మన కార్యాలయ పద్ధతినే ఇంటికి అన్వయించుకొని, కొనబోయే సహోద్యోగులు ఈ క్రింది అంశాలను పరిశీలించవలసిందని మనవి.

1. అవసరం ఎవరిది? వాడబోయేవారు ఎవరు, ఏ వేళ, ఎవరితో కలిసి వాడుతారు? ఈ మూడింటికీ సమాధానం వాడబోయేవారి నోటనే వినాలి. తండ్రి ఆశయం తండ్రిది. అది ఇండెంటు కాజాలదు.

2. చుట్టూ ఉన్న వసతి ఏమిటి? ఇంటర్నెట్, చార్జింగు, స్నేహితుల వద్ద ఉన్న పరికరాలు, ఇంట్లో కూర్చొనే చోటు, అన్నీ వసతి క్రిందకే వస్తాయి. పరికరం ఒంటరిగా పనిచేయదు.

3. మొత్తం వ్యయం ఎంత? ఆటపెట్టె ధరతో ఖర్చు ఆగదు, ప్రతి ఆటకూ వేరుగా వెల ఉంటుంది. పలక ధరతోనూ ఆగదు. ఉచిత ఆటల లోపల జరిగే కొనుగోళ్లకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసే సంకేతపదం మొదటిరోజే పెట్టుకోవాలి.

4. ఆయుష్షు ఎంత? తయారీదారు ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ సవరణలు ఇస్తానంటున్నాడు? బ్యాటరీ మార్చే వీలున్నదా? బాగుచేసేవారు మన ఊళ్లో ఉన్నారా? ఇంటర్నెట్ లేని రోజున ఆ వస్తువు ఏ పనికి వస్తుంది?

5. ఎక్కడ ఆపాలి? ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. అది 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. అయితే ఎక్కువసేపు ఆడిన ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ఆటపై అదుపు తప్పి, చదువు, నిద్ర, స్నేహాలు దెబ్బతింటున్నా మానలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగినప్పుడే వైద్యులు ఆ పేరు పెడతారు. పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మాట వేరు. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేసింది.

6. పంచుకోవచ్చునా? ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ కలిసి ఆడగల వస్తువా, లేక ఒకరు ఆడుతుంటే మరొకరు మెట్టు మీద కూర్చొని చూడవలసిన వస్తువా? మా అనుభవం దృష్ట్యా ఈ అంశాన్ని చివర వ్రాసినా ముందు చదవవలసిందిగా కోరుతున్నాము.

చివరి మాట

గత సంక్రాంతికి మావాడు పూనా నుండి వచ్చినప్పుడు బీరువా సర్దుతుంటే ఆ పలక బయటపడింది. బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేచింది. వాడు జాగ్రత్తగా బ్యాటరీ తీసి వేరుగా పెట్టి, పలకను చొక్కా అంచుతో తుడిచాడు. ఎన్నాళ్లుగానో అడగాలనుకొన్నది అప్పుడు అడిగాము. "ఆ రోజు నీకు పీఎస్‌పీయే తెప్పించి ఉండవలసింది కదరా?"

వాడు కాసేపు ఆలోచించి, "అవును నాన్నగారూ" అన్నాడు. మమ్మల్ని ఊరడించడానికి అబద్ధం చెప్పనందుకు సంతోషించాము. తరువాత, "ఇది నేను తీసుకెళ్తాను. అమ్మమ్మది కదా" అని దానిని తన సంచిలో పెట్టుకొన్నాడు.

క్యాంటీనులో అడిగిన సహోద్యోగికి మేము ఏ పరికరం పేరూ చెప్పలేదు. అబ్బాయిని కూర్చోబెట్టి, దానితో ఏం చేస్తావు, ఎవరితో ఆడతావు అని అడిగి, జవాబు పూర్తిగా విని రమ్మన్నాము. వారం తరువాత కనిపించి, "సార్, వాడు చెల్లెలితో కలిసి ఆడుకోవాలంటున్నాడు. ఇంకో రెండేళ్లకు హాస్టలుకు పోతాడు కదా అంటున్నాడు" అన్నాడు. ఏం కొంటున్నావని మేము అడగలేదు. ఇండెంటు సరిగ్గా వచ్చిన తరువాత కొనుగోలు పెద్ద కష్టమేమీ కాదని మెటీరియల్స్ విభాగంలో అందరికీ తెలిసిన విషయమే.